డీఎంపీఏ గర్భనిరోధక సూది: దుష్ప్రభావాలు

డీఎంపీఏ (డిపో మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ ఎసిటేట్) మూడు నెలలకోసారి వేయించుకునే గర్భనిరోధక ఇంజెక్షన్. 150 మిల్లీగ్రాముల మందును కండరంలోకి ఎక్కిస్తారు. అది అండం విడుదల కాకుండా ఆపుతుంది. 2017 నుంచి మన దేశంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ‘అంతర’ పేరిట ఉచితంగా ఇస్తున్నారు.

ఈ సూదిని స్త్రీలు మధ్యలో మానేయడానికి ముఖ్య కారణం నెలసరి క్రమం తప్పడం. మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా ఎరుపు కనిపిస్తుంది, కొందరికి రోజుల తరబడి ఆగదు. వాడేకొద్దీ స్రావం తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపలే పేరుకుపోతోందని చాలామంది భయపడతారు. నిజానికి గర్భాశయం లోపలి పొర పలచబడటం వల్ల బయటికి రావలసినదేమీ ఉండదు. ఈ మాట సూది వేయకముందే చెప్పాలి. అధిక రక్తస్రావమైతే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి.

ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముకల సాంద్రత కూడా తగ్గుతుంది. దీనిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో తీవ్ర హెచ్చరిక చేర్పించింది. మందు ఆపాక ఆ సాంద్రత చాలావరకు తిరిగి వస్తుంది. బరువు పెరగడం, తలనొప్పి, మానసిక స్థితిలో మార్పులు కొందరిలో ఉంటాయి. ఏడాదికి మించి వాడినవారిలో మెనింజియోమా అనే మెదడు పొరల కణితి ముప్పు పెరిగినట్టు 2024లో ఒక ఫ్రెంచి అధ్యయనం గుర్తించింది. ఆ కణితి అరుదైనదే.

ఇబ్బంది అనిపిస్తే మాత్ర మానేయవచ్చు, కాపర్-టీ తీయించుకోవచ్చు. కానీ ఒంట్లోకి వెళ్లిన సూదిమందును వెనక్కి తీయలేం. శాశ్వత వంధ్యత్వం రాదు గానీ, చివరి సూది తర్వాత గర్భం నిలవడానికి సగటున పది నెలలు పట్టవచ్చు. అందుకే అన్నీ తెలుసుకుని ఇచ్చే సమ్మతి ఇక్కడ కేవలం సంతకం కాదు. ఇదే కోవకు చెందిన నెట్-ఎన్ ఇంజెక్షన్‌ను 1985లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో పరీక్షించినప్పుడు, అది ప్రయోగమని స్త్రీలకు సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం బయటపెట్టింది. మరుసటి ఏడాది సహేలీ, చింగారీ అనే మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పోరాటంతో గర్భనిరోధక సూదులపై చర్చ సాగింది.

రొమ్ము క్యాన్సర్, తీవ్రమైన కాలేయ వ్యాధి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి ఈ సూది తగదు. పాలిచ్చే తల్లులు ప్రసవమైన ఆరు వారాల తర్వాత వేయించుకోవచ్చు.