కూల్చివేత నేర్పిన పాఠం: అమెరికాలో చారిత్రక కట్టడాల పరిరక్షణ

ఒక పాత కట్టడం యజమాని సొత్తు మాత్రమేనా, దానిపై సమాజానికి కూడా హక్కు ఉందా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

న్యూయార్క్‌లో 1910లో ప్రారంభమైన పెన్సిల్వేనియా స్టేషన్ భవనం గ్రానైట్ స్తంభాలతో నగరానికే వన్నె తెచ్చింది. నష్టాల్లో ఉన్న రైల్వే కంపెనీ 1963లో దానిని కూల్చడం మొదలుపెట్టింది. వాస్తుశిల్పులు, పౌరులు నిరసన తెలిపినా, ఆపగల చట్టం అప్పటికి లేదు.

ఈ ఆవేదన నుంచే 1965లో నగర పరిరక్షణ చట్టం రూపొందింది. 1966లో జాతీయ చట్టం వచ్చి, చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌ను ఏర్పరచింది. ఒక విషయం గమనించండి: రిజిస్టర్‌లో చేరినంత మాత్రాన, యజమాని తన సొంత డబ్బుతో కట్టడాన్ని కూల్చకుండా ఆ చట్టం ఆపదు. ఆ అధికారం ప్రధానంగా స్థానిక చట్టాలదే.

గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌పై బహుళ అంతస్తుల కార్యాలయ భవనం కట్టడానికి నగరం అనుమతి నిరాకరించగా, యజమాని కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1978లో సుప్రీంకోర్టు నగరం పక్షాన తీర్పునిచ్చింది. ఆ స్టేషన్ నేటికీ నిలిచి ఉంది.

కనుక సొత్తు యజమానిదే అయినా, దాని వినియోగంపై సమాజం సహేతుకమైన పరిమితులు విధించవచ్చు. అయితే ఈ సూత్రం స్థిరపడేనాటికి పెన్సిల్వేనియా స్టేషన్ భవనం లేదు. చట్టాన్ని మళ్లీ రాసుకోవచ్చు. కూలిన కట్టడాన్ని తిరిగి తెచ్చుకోలేం.