కొండదారిలో సైకిలు

నెల్లూరు పట్టణానికి దక్షిణంగా, మద్రాసు పోయే పెద్దరోడ్డు మీద వెంకటాచలం ఉన్నది. ఇక్కడి నేల సముద్రతీరపు నేల, కనుచూపుమేర చదును. వరిచేలు, చెరువులు, వాటి నడుమ తారు రోడ్డు. సైకిలు తొక్కేవానికి ఇంతకంటె సుఖమైన దారి ఉండదు. ఎదురుగాలి తప్ప మరొక శత్రువు లేడు. అయితే ఇదే ఊరి నుంచి పడమరగా సాగిపోతే నేల స్వభావం క్రమంగా మారుతుంది. కసుమూరు దాటి, అభ్రకపు గనులకు పేరుపడిన సైదాపురం ప్రాంతం మీదుగా రాపూరు చేరేసరికి, ఎదుట గోడ కట్టినట్లు వెలికొండలు నిలుస్తాయి. నెల్లూరు సీమను కడప సీమ నుంచి వేరుచేసే కొండల వరుస ఇది. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కడప శిలలు ఒత్తిడికి లోనై, ముడుతలుపడి ఇక్కడ లేచి నిలిచాయి. రాపూరు నుంచి చిట్వేలికి పోయే రోడ్డు ఈ కొండలనే ఎక్కి దిగుతుంది.

ఈ కొండలను దాటడానికి రైలుకు 2019 వరకు దారి లేదు. ఆ సంవత్సరం ప్రారంభమైన వెంకటాచలం–ఓబులవారిపల్లె మార్గం పొడవు 112 కిలోమీటర్లు. అందులో రాపూరు, చెర్లోపల్లె స్టేషన్ల మధ్య ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగమే. రైలుబండి నిటారు వాలును ఎక్కలేదు. కనుక ఇంజనీర్లు కొండనే తొలిచారు. సైకిలుకు సొరంగం లేదు. శని ఆదివారాల సెలవులో నలుగురు మిత్రులు కలిసి రాపూరు దాకా వచ్చి, రాత్రి విశ్రమించి, మరునాటి ఉదయం ఘాటు రోడ్డు ఎక్కాలనుకుంటే వారికి ఉన్నది వారి కాళ్ళ బలం మాత్రమే. ఆ బలాన్ని కొండకు సరిపోయేట్లు చేయడం ఎట్లా అన్న ప్రశ్న సైకిలు చరిత్రలో చాలా కాలం తేలలేదు. దానికి సమాధానం యంత్రశాస్త్రంలో దొరికింది. అయితే దొరికిన సమాధానాన్ని ఒప్పుకోవడానికి మనుషుల గర్వం ఎన్నో ఏళ్ళు అడ్డుపడింది.

తొలి సైకిళ్ళు

1817లో జర్మనీ దేశంలో కార్ల్ డ్రైస్ అనే అటవీశాఖాధికారి రెండు చక్రాలను ఒకదాని వెనుక ఒకటి ఉంచి, మధ్య కొయ్య దూలం బిగించి, దానిమీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుతూ ప్రయాణించాడు. దానికి పెడలు లేదు, గొలుసు లేదు. 1815లో ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైన పిమ్మట ఐరోపాలో పంటలు పోయి, గుర్రాలకు మేత కరవైనందువల్ల ఈ ఆలోచన పుట్టినదని కొందరు చరిత్రకారుల ఊహ. ఏమైనా, ఈ వాహనం చదునునేల మీద నడకకంటె వేగంగా పోయింది. ఎత్తు వచ్చినప్పుడు మాత్రం మనిషే దానిని నెట్టుకొని పోవలసి వచ్చింది.

1860 తరువాత ఫ్రాన్సులో ముందు చక్రపు ఇరుసుకు పెడళ్ళు అమర్చారు. ఒకసారి పెడలు తిరిగితే చక్రం కూడా ఒకసారే తిరుగుతుంది. కనుక ఎక్కువ దూరం పోవాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప మార్గం లేదు. అట్లా పెంచగా పెంచగా ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకు వచ్చింది. ఒకటిన్నర మీటర్ల వ్యాసంగల చక్రం ఒక్క చుట్టుతో సుమారు 4.7 మీటర్లు పోతుంది. చదునునేల మీద ఇది మహావేగం. కొండ ఎదురైనప్పుడు చక్రాన్ని చిన్నది చేసుకొనే వీలు లేదు గదా! దిగేటప్పుడు ఇంకొక ప్రమాదం: ముందు చక్రానికి చిన్న రాయి తగిలినా, ఎత్తున కూర్చున్న మనిషి తలకిందులుగా ముందుకు పడేవాడు. ఇట్టి వాహనం మీదనే థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరి 1886లో యొకొహామా చేరి ప్రపంచయాత్ర ముగించాడు. ఆ యాత్రలో భాగంగా లాహోరు నుంచి కలకత్తా వరకు మన దేశపు గ్రాండు ట్రంకు రోడ్డు మీద సైకిలు తొక్కాడు. అమెరికా పర్వతాలలో మాత్రం ఆయన సైకిలు ఎక్కిన దూరంతోపాటు, దానిని నెట్టిన దూరం కూడా తక్కువ కాదు.

గొలుసు చేసిన మేలు

1885లో ఇంగ్లండులోని కావెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో పరిస్థితి మారింది. రెండు చక్రాలూ దాదాపు సమానం, పెడళ్ళు మధ్యలో, అక్కడి నుంచి గొలుసు ద్వారా వెనుక చక్రానికి బలం అందుతుంది. నేటి సైకిలు రూపం ఇదే. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టడంతో గతుకుల రోడ్డు కూడా ఓర్చుకోదగినదైంది. ఆ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఫ్రీవీలు వచ్చి, పల్లంలో కాళ్ళకు విశ్రాంతినిచ్చింది.

గొలుసు వల్ల కలిగిన అసలు లాభం ఏమనగా, ఒక పెడలు చుట్టుకు సైకిలు ఎంత దూరం పోవాలన్నది ఇక చక్రం పరిమాణం మీద మాత్రమే ఆధారపడదు. ముందు, వెనుక పళ్ళచక్రాల నిష్పత్తితో దానిని మన ఇష్టప్రకారం నిర్ణయించవచ్చును. విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును.

మన దేశంలో సామాన్యంగా కనిపించే పెద్ద సైకిలును తీసుకొందాం. చక్రం వ్యాసం 28 అంగుళాలు, అనగా చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుకదానికి 18 ఉన్నవనుకొందాం. పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం 2.44 సార్లు తిరుగుతుంది, సైకిలు 5.45 మీటర్లు పోతుంది. తొక్కేవాని బరువు 60 కిలోలు, సైకిలు 22, సామాను 8. మొత్తం 90 కిలోలు. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే వాలు మీద గురుత్వాకర్షణ ఈ బరువును వెనుకకు లాగే బలం 90లో నూటికి అయిదు వంతులు, అనగా నాలుగున్నర కిలోలు. ఒక చుట్టులో చేయవలసిన పని 4.5ను 5.45తో గుణిస్తే వచ్చే సుమారు 24.5 కిలోగ్రాం–మీటర్లు. పెడలు మీట పొడవు 17 సెంటీమీటర్లయితే పాదం ఒక చుట్టులో తిరిగే దూరం 1.07 మీటర్లు. కాబట్టి చుట్టు పొడుగునా పాదం సగటున 23 కిలోల బలంతో తొక్కవలసి ఉన్నది. పెడలు పైన, కింద ఉన్న క్షణాలలో కాలు బలం పనిచేయదు గనుక, నడిమి భాగంలో అది 35 కిలోలు దాటుతుంది. అది తొక్కేవాని శరీరపు బరువులో సగం కంటె ఎక్కువ! ఒకటి రెండు నిమిషాలు ఎవరైనా నిలబడి తొక్కగలరు. ఘాటు రోడ్డు పొడుగునా ఎవరు తొక్కగలరు?

ఇప్పుడు అదే సైకిలుకు ముందు 28, వెనుక 28 పళ్ళు ఉన్నవనుకొందాం. ఒక చుట్టుకు సైకిలు 2.23 మీటర్లే పోతుంది. సగటు బలం తొమ్మిదిన్నర కిలోలకు దిగిపోతుంది. కూర్చునే తొక్కవచ్చును. దీనికి చెల్లించే మూల్యం ఒక్కటే: అదే దూరానికి ఎక్కువ చుట్లు తొక్కాలి. కొండ ఎక్కడానికి కావలసిన పని ఏ గేరులోనైనా ఒక్కటే. గేరు ఆ పనిని తగ్గించదు. కండరాలు మోయగలిగిన చిన్న భాగాలుగా పంచుతుంది, అంతే. పల్లెలో మోట తోలేవారు, బండరాతిని గునపంతో కదిల్చేవారు ఎరిగిన సూత్రమే ఇది.

గర్వం చేసిన ఆలస్యం

ఈ సూత్రాన్ని పట్టుకొని జీవితమంతా వాదించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన పాల్ ద వివీ. 1853లో పుట్టిన ఈయన పట్టు వర్తకుడు. కొండల మధ్య ఉన్న సాంతెత్యెన్ పట్టణంలో స్థిరపడి, 1887లో సైకిలు పత్రికను ప్రారంభించి, వెలోసియో అన్న కలంపేరుతో వ్రాశాడు. మిత్రులతో కలిసి పర్వతమార్గాలలో దూరప్రయాణాలు చేసి, ఎక్కేటప్పుడు ఒక నిష్పత్తి, చదునులో మరొకటి ఉండాలని అనుభవంతో నిరూపించాడు. గొలుసును ఒక పళ్ళచక్రం మీద నుంచి మరొకదాని మీదికి మార్చే సాధనాలను పరీక్షించి ప్రచారం చేశాడు. నేడు డీరెయిలరు అని పిలిచే సాధనం ఇట్టి ప్రయత్నాల నుంచే అభివృద్ధి చెందింది. ఇంగ్లండులో 1902లోనే, వెనుక ఇరుసు డబ్బాలోపల పళ్ళచక్రాలను అమర్చి మూడు వేగాలనిచ్చే స్టర్మీ–ఆర్చర్ గేరు వచ్చింది.

అయినప్పటికీ పందెగాళ్ళు దీనిని చిన్నచూపు చూశారు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పోటీని ప్రారంభించిన హెన్రీ దెగ్రాంజ్, గేర్లు మార్చుకోవడం వయసు మళ్ళినవారి పని అని అభిప్రాయపడ్డాడు. యంత్రం కాదు, మనిషి కండబలమే గెలవాలని ఆయన పట్టుదల. 1910లో ఈ పోటీ మొదటిసారి పిరెనీస్ పర్వతాలలోని 2,115 మీటర్ల తుర్మలే కనుమను ఎక్కింది. దారి కంకరరాళ్ళు, గేర్లు లేవు. వెనుక చక్రానికి రెండు వైపులా వేర్వేరు పళ్ళచక్రాలు బిగించుకొని, కొండ రాగానే దిగి, చక్రం ఊడదీసి, తిప్పి పెట్టుకోవడమే నాటి ఉపాయం. ఈ పోటీలో డీరెయిలరుకు అనుమతి లభించింది 1937లో. అప్పటికి వెలోసియో మరణించి ఏడేళ్ళయింది. సామాన్య ప్రయాణికులు తమ కొండదారులలో ఎన్నో ఏళ్ళుగా వాడుతూ వచ్చిన సాధనాన్ని పందెపు వీరులు అంత ఆలస్యంగా అందుకొన్నారు.

మన సైకిలు

మన దేశానికి సైకిలు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన పార్సీ యువకులలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగారా అనే ముగ్గురు సైకిళ్ళ మీద భూమిని చుట్టి 1928లో తిరిగివచ్చారు. ఎడారులు, మంచుకొండలు, అడవులు దాటిన ఆ యాత్ర, సామాన్యమైన సైకిలుతో మనిషి ఓపిక ఎంతదూరం పోగలదో చూపింది. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట 1949లో మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ సంస్థ వెలసింది. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనిదే. అక్కడ తయారైన హెర్క్యులిస్ వంటి సైకిళ్ళు ఊరి బడిపంతులుకు, పాలవానికి, తపాలా బంట్రోతుకు వాహనాలైనాయి.

ఈ సైకిలు బరువైనది, గట్టిది. వెనుక క్యారియరు మీద ధాన్యం బస్తా పెట్టినా మోస్తుంది. విరిగితే ఊళ్ళోని షాపులోనే బాగుచేస్తారు. గేరు ఒక్కటే. తీరప్రాంతపు చదునునేలకు అది సరిపోయింది కూడా. కనుక ఘాటు రోడ్డు మీద దానిని దిగి నెట్టవలసి వస్తే అది తొక్కేవాని బలహీనత కాదు. పైన వేసిన లెక్కే అందుకు సాక్ష్యం.

ఎక్కడం, దిగడం

కొండ ఎక్కడంలో శరీరానికయ్యే ఖర్చును కూడా లెక్కించవచ్చును. ఆరు కిలోమీటర్లు ఇదే వాలు మీద ఎక్కితే మూడువందల మీటర్ల ఎత్తు చేరుతాం. 90 కిలోలను అంత ఎత్తుకు చేర్చే పని 63 కిలోకేలరీలకు సమానం. మన కండరాలు ఆహారశక్తిలో సుమారు నాలుగోవంతునే పనిగా మార్చగలవు. కాబట్టి 250 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మిగిలిన మూడువంతులు వేడిగా మారతాయి. ఆ వేడి చెమట ద్వారానే పోవాలంటే మూడోవంతు లీటరు నీరు ఆవిరి కావాలి. నెల్లూరు తీరపు ఉక్కలో చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు. కనుక పోయే నీరు ఇంకా ఎక్కువ. ఆకలి కాకముందే తినాలి, దాహం కాకముందే తాగాలి అని వెలోసియో తన మిత్రులకు చెప్పడంలోని అర్థం ఇదే.

దిగేటప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. ఎక్కినప్పుడు కూడబెట్టిన 63 కిలోకేలరీలు గాలి నిరోధంగానో, బ్రేకుల వేడిగానో ఖర్చు కావాలి. ఆ శక్తితో ముప్పై డిగ్రీల ఉష్ణోగ్రత గల తొమ్మిదివందల గ్రాముల నీటిని మరిగే స్థితికి తేవచ్చును! పాత సైకిళ్ళ ఇనుప రిమ్ముల మీద రబ్బరు బ్రేకు ముక్క వానలో జారుతుంది. ఆగవలసిన చోటికంటె చాలా ముందుకు పోయిగాని బండి ఆగదు. నెల్లూరు సీమలో వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఆ రోజులలో ఘాటు దిగడం ప్రమాదం. మే నెల ఎండలో ఎక్కడమూ ప్రమాదమే. జనవరి, ఫిబ్రవరి నెలల ఉదయాలు ఇట్టి ప్రయాణానికి అనువైనవి.

విద్యార్థులను వెంటబెట్టుకొని పోయే ఉపాధ్యాయులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చదునులో అందరూ కలిసి పోవచ్చును. ఎక్కుడులో అట్లా కాదు. ఒక్కొక్క సైకిలు గేరు, ఒక్కొక్క పిల్లవాని బరువు వేరు. ప్రతివానికి తనదైన వేగం ఉంటుంది. వెనుకబడినవానిని తొందరపెట్టి తొక్కించడం వల్ల మోకాళ్ళకు హాని. ముందు చేరినవారు పైన ఆగి ఎదురుచూడడమే పద్ధతి. దిగేటప్పుడు ఒకరి వెనుక ఒకరు చాలినంత ఎడం ఉంచి, బయలుదేరకముందే బ్రేకులు పరీక్షించుకొని, మలుపుకు ముందే వేగం తగ్గించాలి.

ప్రయాణం సాధ్యపడని పాఠశాలలలో కూడా ఈ పాఠం చెప్పవచ్చును. ఆవరణలో నిలిపిన సైకిళ్ళన్నిటి పళ్ళు లెక్కించి, ఏది ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో విద్యార్థుల చేత పట్టిక వేయించండి. సుద్దముక్కతో నేలమీద గుర్తులు పెట్టి, పెడలు ఒకసారి తిప్పి, దూరాన్ని కొలిచి సరిచూడండి. తరువాత ఊరి చెరువుకట్ట వాలును కొలిచి, ఏ సైకిలుతో దానిని ఎక్కడం తేలికో ముందుగా చెప్పమనండి. ఎవరి అంచనా సరైనదో చెరువుకట్టే చెబుతుంది.