కొండవీడు: సరిహద్దు దుర్గం, సరుకుల కూడలి

నేటి పల్నాడు జిల్లాలోని కొండవీడును తెలుగు పాఠకులు రెడ్డిరాజుల రాజధానిగానే ఎక్కువగా ఎరుగుదురు. 1424లో ఆ రాజ్యం అంతరించిన తరువాత ఈ ఖిల్లా గజపతులకు, విజయనగరానికి, గోల్కొండకు నడుమ సరిహద్దు దుర్గమైంది. ఆనాటి యుద్ధాలను హిందూ ముస్లిం పోరుగా చిత్రించడం కొందరు చరిత్రకారులకు పరిపాటి. కొండవీటి సాక్ష్యం అందుకు భిన్నంగా ఉన్నది.

1514లో ఉదయగిరిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం కోటలను ఆక్రమించి, 1515 జూన్‌లో (హి.శ. 921) కొండవీటిని వశపరచుకున్నాడు. ఓడినవారు ప్రతాపరుద్ర గజపతి పక్షంవారు. బందీలైన వారిలో గజపతి కుమారుడు వీరభద్రునితోపాటు రాయచూరుకు చెందిన మల్లూఖాన్, ఉద్దండఖాన్ ఉన్నారని శాసనాలు పేర్కొంటున్నాయి. ఒక హిందూ రాజు కోటను మరో హిందూ రాజు ముట్టడించగా, దానిని కాపాడినవారిలో ముస్లిం సర్దారులు ఉండటం గమనార్హం. వారిని అక్కడ నిలిపినది మతం కాదు, కొలువు.

గోడలు ఎంత ఎత్తైనా, నీరూ తిండీ లేనిదే కోట నిలవదు. కొండపైని మూడు చెరువులు మొదటి కొరతను తీర్చాయి. రెండవదానికి కొండ కిందిసీమే ఆధారం. సాళువ తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి పాలనలో వేయించిన 1520 నాటి శాసనం, ఆలయానికి చెందవలసిన సుంకాన్ని సరుకులవారీగా నిర్ణయించింది. జొన్నలు, ఉప్పు, పెసలు, ఉలవలు, నువ్వులు, చింతపండు, నెయ్యి, ఇనుము, ఉక్కు, సీసం, రాగి, మిరియాలు అందులో ఉన్నాయి. ఇది సైన్యపు పద్దు కాదు. అయినా తిండిగింజలూ లోహాలూ ఒకేచోట దొరికే ఇలాంటి సంత దండుకు ఎంత అవసరమో ఊహించవచ్చు.

1579-80 నాటి దండయాత్రలలో కొండవీడు కుతుబ్‌షాహీల వశమైంది. ఆ దండయాత్రలను ఆరంభించిన ఇబ్రహీం కుతుబ్‌షా రాజ్యానికి రాకముందు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్లు గడిపినవాడు. తెలుగు కవులను ఆదరించినవాడు. కోటకు ముర్తజానగర్ అని కొత్తపేరు వచ్చింది. సరిహద్దు దక్షిణానికి జరిగినకొద్దీ దుర్గానికి పని తగ్గింది. పేరు మాత్రం సర్కారు రెవెన్యూ లెక్కల్లో నిలిచింది. 1788లో ఆ సర్కారు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి అధికార కేంద్రం గుంటూరుకు మారిపోయింది.

ముర్తజానగర్ అన్న పేరు నేడు వాడుకలో లేదు. అయినా శాసనాలలో గజపతి కుమారుని పక్కన చెక్కిన ఆ ఇద్దరు ఖానుల పేర్లు చెరిగిపోలేదు. ఈ సీమ చరిత్ర రాసేవారు వాటిని దాటిపోరాదు.