సిస్టమ్ కాల్స్‌లో దోష తనిఖీ: ఒక చారిత్రక పరిశీలన

ఫైలు తెరవాలన్నా, డిస్కుపై రాయాలన్నా ప్రోగ్రాము ఆ పని నేరుగా చేయలేదు. సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌ను కోరుతుంది. కోరిన పని ఒక్కోసారి జరగకపోవచ్చు. ఆ సంగతి కెర్నెల్ ఎలా తెలియజేస్తుందో, దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

సంప్రదాయం ఏర్పడిన తీరు

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ నిర్మాణానికి పూనుకున్నారు. తరువాత అది పీడీపీ-11 యంత్రానికి మారింది. అక్కడ కాల్ విఫలమైతే కెర్నెల్ క్యారీ బిట్‌ను 1గా మార్చి, దోష సంఖ్యను ఒక రిజిస్టర్‌లో ఉంచేది. సీ లైబ్రరీ ఆ సంఖ్యను ‘ఎర్‌నో’ అనే చలరాశిలో భద్రపరచి, ప్రోగ్రాముకు -1 అందించేది. 1988 నాటి పోజిక్స్ ప్రమాణం కూడా ఈ పద్ధతినే స్వీకరించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. -1 వచ్చినంత మాత్రాన ప్రోగ్రాము ఆగదు. తరువాతి వాక్యం యథావిధిగా అమలవుతుంది. కాబట్టి తనిఖీ బాధ్యత పూర్తిగా ప్రోగ్రామర్‌దే.

‘ఇది విఫలం కాదు’ అనే నమ్మకం

ఫైలు లేకపోవచ్చని అందరికీ తెలుసు కనుక ‘ఓపెన్’ ఫలితాన్ని చాలామంది చూస్తారు. ‘సెట్‌యూఐడీ’ సంగతి వేరు. సర్వాధికారాలున్న రూట్ ప్రోగ్రాము తన అధికారాన్ని తానే వదులుకుంటానంటే కెర్నెల్ కాదంటుందా అని అనుకునేవారు. కానీ లైనక్స్ 2.6లో, మారబోయే వాడుకరికి అనుమతించిన ప్రాసెస్‌ల సంఖ్య అప్పటికే పరిమితికి చేరి ఉంటే ఆ కాల్ విఫలమయ్యేది.

2010లో ఆండ్రాయిడ్‌లో జరిగింది ఇదే. ‘ఏడీబీ’ సేవా ప్రోగ్రాము రూట్‌గా మొదలై, సెట్‌యూఐడీతో సాధారణ వాడుకరిగా మారేది. ఫలితాన్ని మాత్రం చూసేది కాదు. దాడి చేసేవారు ఆ వాడుకరి పేరిట ప్రాసెస్‌లను పరిమితి మేరకు నింపి, ఏడీబీ మళ్లీ మొదలయ్యేలా చేశారు. కాల్ విఫలమైంది. ఏడీబీ రూట్‌గానే కొనసాగింది. కెర్నెల్ నిజమే చెప్పింది, వినిపించుకున్నవారు లేరు.

చివరకు 2011లో వచ్చిన లైనక్స్ 3.1లో ఆ పరిమితి పరీక్షను సెట్‌యూఐడీ నుంచి తొలగించి ‘ఎగ్జెక్‌వీఈ’ దశకు మార్చారు. ప్రోగ్రామర్ల అలవాటు మారనందున కెర్నెలే మారవలసి వచ్చింది.

గుర్తుంచుకోవలసినవి

ఏ కాల్ విఫలమవుతుందో ఊహించి, దాన్ని మాత్రమే తనిఖీ చేయకండి. ప్రతి కాల్‌నూ తనిఖీ చేయండి. -1 వచ్చిన వెంటనే ఎర్‌నో చూడండి. కాల్ సఫలమైనా పాత విలువ చెరిగిపోదు. ‘రైట్’ కోరినదానికంటే తక్కువ బైట్లు రాసి ఊరుకోవచ్చు. అది దోషం కాదు, మిగిలినది మీరే రాయించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఏడీబీ ఉదంతంలో -1 అందగానే ప్రోగ్రాము ఏమి చేసి ఉండవలసింది?