లీనియర్ గైడు (సి.ఎన్.సి. యంత్రం)

'''లీనియర్ గైడు''' అనగా యంత్రంలోని కదిలే భాగాన్ని పక్కకు తొలగనీయకుండా ఒకే సరళరేఖలో నడిపించే ఉక్కు పట్టా మరియు దానిపై నడిచే బేరింగు బ్లాకుల అమరిక. కంప్యూటరు ఆదేశాల ప్రకారం చెక్క, ప్లాస్టిక్, అల్యూమినియం వంటి పదార్థాలను కోసే సి.ఎన్.సి. యంత్రంలో ఎక్స్, వై, జెడ్ అక్షాలు మూడింటికీ ఇవి అవసరం. ఇంటివద్ద ఇటువంటి యంత్రాన్ని నిర్మించుకొనేవారికి వీటి ఎంపిక చాలా ముఖ్యమైనది. మోటారును తరువాత మార్చుకోవచ్చు. కాని పట్టాలను మార్చాలంటే చట్రాన్ని దాదాపు తిరిగి కట్టవలసి వస్తుంది.

== చరిత్ర ==
సంఖ్యా నియంత్రణతో నడిచే మిల్లింగు యంత్రాన్ని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రదర్శించారు. అప్పటి యంత్రాలలో భాగాలు నూనె పొరపై జారే పోత ఇనుప మార్గాల మీద నడిచేవి. ఉక్కు గోళీలపై నడిచే పట్టా గైడును జపాన్‌కు చెందిన టి.హెచ్.కె. సంస్థ 1972లో రూపొందించింది.

== రకాలు ==
* '''ఆధారం లేని గుండ్రని కడ్డీలు''': రెండు చివరలలో మాత్రమే బిగిస్తారు. 8 మి.మీ. కడ్డీపై నడిచే ఎల్.ఎమ్.8.యు.యు. బేరింగు వీటిలో ప్రసిద్ధం. ధర తక్కువ, కాని నడుమ వంగుతాయి.
* '''ఆధారం గల గుండ్రని కడ్డీలు''': కడ్డీ పొడవునా అల్యూమినియం దిమ్మె ఉంటుంది. ఎస్.బి.ఆర్.16 రకంలో కడ్డీ వ్యాసం 16 మి.మీ. పునాదిలోని స్వల్ప దోషాలను ఇవి కొంతవరకు సహిస్తాయి. అయితే బేరింగు కిందివైపు తెరచి ఉండడం వలన పైకి లాగే బలానికి అంతగా నిలువవు.
* '''చదరపు పట్టాలు''': పట్టా ఇరువైపుల గాడులలో గోళీలు దొర్లుతాయి. 12 మి.మీ. వెడల్పు గల ఎమ్.జి.ఎన్.12, 20 మి.మీ. వెడల్పు గల హెచ్.జి.ఆర్.20 ఈ రకానివి. అన్ని దిశల బలాలను తట్టుకొంటాయి.
* '''చక్రాల గైడ్లు''': అల్యూమినియం గాడిలో ప్లాస్టిక్ చక్రాలు తిరుగుతాయి. దుమ్మును సహిస్తాయి, కాని చక్రాలు అరిగి లూజు ఏర్పడుతుంది.

== వంపు లెక్క ==
రెండు చివరల ఆనించిన కడ్డీ మధ్యలో బరువు పెట్టినప్పుడు కలిగే వంపు, పొడవు యొక్క ఘనానికి అనులోమానుపాతంలోను, వ్యాసం యొక్క నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలోను ఉంటుంది. అనగా పొడవు రెట్టింపయితే వంపు 8 రెట్లు అవుతుంది. వ్యాసం రెట్టింపయితే 16వ వంతుకు తగ్గుతుంది.

ఉదాహరణకు 600 మి.మీ. పొడవున్న ఉక్కు కడ్డీ మధ్యలో 50 న్యూటన్ల బలం (సుమారు 5 కిలోల బరువు) పనిచేస్తే, 12 మి.మీ. కడ్డీ దాదాపు 1.1 మి.మీ., 16 మి.మీ. కడ్డీ 0.35 మి.మీ., 20 మి.మీ. కడ్డీ 0.14 మి.మీ. వంగుతాయి. అదే 12 మి.మీ. కడ్డీ పొడవును 300 మి.మీ.కు తగ్గిస్తే వంపు 0.14 మి.మీ. మాత్రమే. గట్టిపరచిన ఉక్కు వాడినా ఈ వంపు తగ్గదు. గట్టిదనం అరుగుదలను మాత్రమే తగ్గిస్తుంది.

తయారీదారుల పట్టికలలో చదరపు పట్టాల భారసామర్థ్యం వేల న్యూటన్లలో ఉంటుంది. చిన్న యంత్రంలో కోత బలం అంతకంటే ఎంతో తక్కువ. కనుక ఎంపికలో భారసామర్థ్యం కంటే దృఢత్వమే ప్రధానంగా చూడవలసిన అంశం.

== బిగింపు ==
చదరపు పట్టాను బోల్టులతో బిగించినప్పుడు అది తన కింది పునాది వంకరనే అనుసరిస్తుంది. వంకరగా ఉన్న ప్లైవుడ్ మీద ఖరీదైన పట్టా బిగించినా సరళరేఖ రాదు. రెండు పట్టాలు సమాంతరంగా లేకపోతే బ్లాకులు బిగుసుకొని త్వరగా అరిగిపోతాయి. అందువలన మొదటి పట్టాను సరళమైన అంచుకు ఆనించి బిగించాలి. రెండవదాన్ని వదులుగా ఉంచి, గాంట్రీని ఈ చివర నుండి ఆ చివరకు నడుపుతూ ఒక్కొక్క బోల్టునే బిగించాలి.

బ్లాకుల మధ్య దూరం కూడా ముఖ్యమే. బ్లాకుల మధ్య 100 మి.మీ. దూరం ఉండి, కోత పనిముట్టు వాటికి 200 మి.మీ. దిగువన ఉంటే, బ్లాకు వద్ద ఉన్న లూజు పనిముట్టు కొన వద్ద సుమారు రెండింతలుగా కనిపిస్తుంది.

బ్లాకును పట్టా నుండి నేరుగా లాగితే కొన్ని రకాలలో గోళీలు రాలిపోతాయి. దానితో వచ్చే ప్లాస్టిక్ ముక్కపైకి జరిపి తీయాలి. చెక్కపొట్టు గ్రీజుతో కలిస్తే ముద్దగా మారుతుంది కనుక పట్టాలను తరచుగా తుడిచి, తిరిగి గ్రీజు పూయాలి.

== ఎంపిక ==
* పెన్నుతో గీయడం, లేజరుతో చెక్కడం: కోత బలం ఉండదు కనుక పొట్టి కడ్డీలు లేదా చక్రాలు సరిపోతాయి.
* చెక్క కోత: ఆధారం గల కడ్డీలు లేదా చదరపు పట్టాలు.
* అల్యూమినియం కోత: దృఢమైన లోహపు చట్రంపై చదరపు పట్టాలు, పట్టాకు రెండేసి బ్లాకులు.

ఉన్న సొమ్ము పరిమితమైతే ఖరీదైన పట్టాలకంటే ముందు చట్రాన్ని సమతలం చేయించుకోవడం, యంత్రం కొలతలను తగ్గించుకోవడం మేలు.

== ఇవి కూడా చూడండి ==
* బేరింగు
* లేతు యంత్రం
* స్థితిస్థాపకత