మూసీ తుగ్యానీ నుంచి మీసేవ క్యూ దాకా

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచేసింది. ఆ వరదను నగరం తుగ్యానీ అంది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే నిలిచింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటిలోనే పోగొట్టుకున్నాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిరాశ్రయులకు తన భవనాల తలుపులు తెరిపించాడు. పాలకుడి దయను ఆశించడం తప్ప, సర్కారును నిలదీసే హక్కు అప్పటి ప్రజకు లేదు.

ఎవరూ అడగకపోయినా, ఇంత నీరు ఎక్కడినుంచి వచ్చిందో తేల్చాలని నిజాం ప్రభుత్వం అనుకుంది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చూపు నగరం దగ్గర ఆగలేదు. మూసీ ఎగువ పరీవాహకంలోని చెరువులను లెక్క తీస్తే 788 తేలాయి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగితే దాని కింది చెరువు మీద. గొలుసుకట్టు చెరువుల బలమూ బలహీనతా అదే. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నదీతీరాన్ని తీర్చిదిద్దింది. అయితే అక్కడి ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చిన పేదలను ఎవరు సంప్రదించారని వెతికితే జవాబు దొరకదు. ఆ పాలనను ఆకాశానికెత్తేవారు దీన్ని మరచిపోతారు.

జలాశయాలు వచ్చాక మూసీ భయం తగ్గింది. చెరువుల మీద శ్రద్ధ కూడా తగ్గింది. ఇరవయ్యో శతాబ్దం చివరికి నగరం చుట్టూ సేద్యం పోయింది, ఆయకట్టు ప్లాట్లయింది. తూము తెరిచే పని లేనప్పుడు చెరువు ఎవరికి కావాలి? పైగా చెరువు నీరు నిలిచే శిఖం భూమంతా సర్కారుది కాదు. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే శిఖం పట్టాలు ఎన్నో ఉన్నాయి. సాగుకిచ్చిన ఆ హక్కే అమ్మకానికి ఆధారమైంది. మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరే వాగు నాలా అయింది, నాలా సన్నబడి ఇళ్ల వెనుక మురుగుకాలువ అయింది.

పౌరులు ప్రభుత్వాన్ని సూటిగా నిలదీసింది మొదట ముంపు గురించి కాదు, తాగునీటి గురించి. జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వచ్చింది. అక్కడ ఒక నూనె పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నగరానికి చెందిన ఒక పర్యావరణ సంస్థ కూడా ఆ వ్యాజ్యంలో ఉంది. 1999, 2000 తీర్పుల్లో కోర్టు జలాశయాల పక్షాన నిలిచింది. తాగే నీటికి హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనంది. అదే 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన నగరాన్ని ముంచింది. కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లో నివేదిక ఇచ్చింది: ఆక్రమణలు తీసేయండి, నాలాలు వెడల్పు చేయండి. ఆ తర్వాత నగరం మునిగిన ప్రతిసారీ ఆ నివేదిక పేరు వినబడుతూనే ఉంది.

2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో ఒక బాలిక నాలాలో పడి చనిపోయింది. ఆమె తల్లిదండ్రులు ప్రజాప్రతినిధులను, అధికారులను బాధ్యులుగా చూపుతూ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. 1908లో విధిరాతగా సరిపెట్టుకున్న చావు ఇక్కడ నేరమని పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. ఈ చరిత్రలో దీన్ని మలుపుగా లెక్కించాలి.

మరుసటి నెల 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో దాదాపు 32 సెంటీమీటర్ల వాన పడింది. బాలాపూర్ గుర్రం చెరువు, గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగాయి. పాతబస్తీ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడే అనుమతిలేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం నడుస్తోంది. దరఖాస్తుకు మొదట పెట్టిన గడువు అక్టోబరు 15. చెరువు శిఖానికి అది వర్తించదని నిబంధనల్లో రాసే ఉంది. కానీ శిఖం ఎక్కడిదాకా ఉందో తేలని చోట ఆ నిబంధనకు విలువెంత?

ఆ వరదలో మునిగినవారికి కుటుంబానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. అసలు బాధితులకు అందలేదని, మధ్యలో నాయకులు మింగారని బస్తీల్లో ఆందోళనలు జరిగాయి. సాయానికి దరఖాస్తు పెట్టుకునేందుకు జనం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. గ్రేటర్ ఎన్నికల నియమావళి కారణంగా నవంబరు 18న పంపిణీ ఆగింది. జనం కోపమంతా ఆ 10 వేల చుట్టూనే తిరగడం పాలకులకు కలిసొచ్చిందని నా అభిప్రాయం. ఇల్లు ఎందుకు మునిగిందన్న ప్రశ్న, డబ్బు ఎందుకు రాలేదన్న ప్రశ్న కింద పడిపోయింది.

చెరువు నీటిపారుదల శాఖది, భూమి రెవెన్యూది, హద్దుల నోటిఫికేషన్ హెచ్ఎండీఏది, నాలా జీహెచ్ఎంసీది, మురుగు జలమండలిది. ఎవరి దగ్గరికి వెళ్లినా మరొకరి పేరు చెబుతారు. చెరువులు, ప్రభుత్వ ఆస్తుల రక్షణకని 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ కూల్చివేతలకు దిగింది. నోటీసు గడువు, సెలవురోజుల కూల్చివేతల విషయంలో సెప్టెంబరులో హైకోర్టు దాన్ని మందలించింది. రిజిస్ట్రేషన్ చేసి, ఇంటిపన్ను వసూలు చేసి, కరెంటు మీటరిచ్చిన సర్కారే ఒకనాడు వచ్చి ఇది చెరువంటే, కూలిన ఇంటి యజమానికి కోపం రాదా? చెరువు తిరిగి రావాలనడం ఎంత న్యాయమో, ఆ సంతకాలు పెట్టినవారు జవాబు చెప్పాలనడం అంతే న్యాయం.

చెరువు పూర్తి నీటిమట్టాన్ని కొలిచి, ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ వెలువరించినప్పుడే హద్దు చట్టం ముందు గట్టిగా నిలుస్తుంది. మీ కాలనీకి ఎగువనున్న చెరువుకు ఆ తుది నోటిఫికేషన్ వచ్చిందా, రాకపోతే ఫైలు ఏ అధికారి దగ్గర ఆగింది, ఈ రెండు సంగతులనూ సమాచార హక్కు చట్టం కింద హెచ్ఎండీఏను అడగండి. ఆ దరఖాస్తు వానాకాలానికి ముందే పెట్టండి.