లెక్కల ఆఫీసరు, మృదంగం, మల్లేశ్వరం ఆదివారాలు

బెంగళూరులో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్ళలో ఒక తరం మగవాళ్ళ కథ ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ 1940లో ఇక్కడ మొదలయింది. తర్వాత ఐ.టి.ఐ. 1948లో, హెచ్.ఎం.టి. 1953లో, బి.ఇ.ఎల్. 1954లో వచ్చాయి. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు, సాయంత్రం కాఫీ, వారమంతా అంతే. ఆదివారం మాత్రం ఎవరో ఒకరింట్లో చాపలు పరిచేవాళ్ళు. టూల్ రూమ్ ఇంజనీరు వయొలిన్ పట్టుకొని, రాడార్ పని చేసేవారు ఫ్లూటు పట్టుకొని, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో కెమిస్ట్రీ చేసేవారు మృదంగం సంచీలో వేసుకొని వచ్చేవాళ్ళు. మా ఇంట్లో జరిగిన గోష్ఠికి పేరంటూ లేదు, టికెట్టూ లేదు. శ్రుతి సరిపోయిందా లేదా అని మాటామాటా పెరిగితే ఒకాయన ఫ్రీక్వెన్సీ లెక్కలు కాగితం మీద వేసి చూపించేవారట. పాట మొదలయ్యేసరికి ఎనిమిదయ్యేది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ గుంపులో సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు చాలావరకు వంటింట్లో ఉండేవాళ్ళు. వీణ మా నానమ్మది. పదిమందికి ఉప్మా వడ్డించాక, తీరిక దొరికితే వాయించేవారు.

ఇలా ఉద్యోగమొకటి, ప్రాణమొకటిగా బతికిన మనుషుల వరసలో మా వీధివాళ్ళకి పెద్దదిక్కు సి.వి. రామన్ గారే. మల్లేశ్వరంలో ఆయన ఇల్లు ‘పంచవటి’ ఇప్పటికీ ఉంది. ఆయన తమిళులే గానీ పెరిగింది మన విశాఖపట్నంలో. నాన్నగారు చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. లోకసుందరి గారిని రామన్ మొదటిసారి చూసినప్పుడు ఆవిడ వీణ మీద త్యాగరాజ కృతి ‘రామా నీ సమానమెవరు’ వాయిస్తున్నారని చెబుతారు. తమిళ ఇంట్లో పెళ్ళిచూపులకి తెలుగు కృతి! దక్షిణాదిలో మన భాష ఎంత దూరం నడిచి వెళ్ళిందో చెప్పడానికి మేం ఎక్కువగా చెప్పే కథ ఇదే.

1907లో ఆయన కలకత్తాలో ఆర్థిక శాఖలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అంటే లెక్కల ఆఫీసరు. ఆఫీసుకు ముందు పొద్దున్నే, ఆఫీసయ్యాక రాత్రి దాకా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ప్రయోగాలు. 1917లో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యేదాకా చాలావరకు అదే తంతు. ఆ రోజుల్లో ఆయన్ని పట్టుకున్న విషయం వెలుగు కాదు, శబ్దం. వయొలిన్ తీగ మీద కమాను లాగితే ఏం జరుగుతుందన్న దాని మీద 1918లో పెద్ద గ్రంథమే రాశారు. మనిషి చెయ్యి ఒక్కోసారి ఒక్కోలా లాగుతుంది కదా, అందుకని వయొలిన్‌ని వాయించే యంత్రం కూడా తయారుచేయించారు. వీణకీ తంబురాకీ ఉన్న వంపు తిరిగిన బ్రిడ్జి ఆ తీగల నాదాన్ని ఎలా నింపుతుందో వివరించారు.

అన్నిటికంటే మా ఇంట్లో ఎక్కువ చర్చ జరిగింది మృదంగం మీద. పాశ్చాత్య శాస్త్రజ్ఞుల దృష్టిలో డోలు అంటే చప్పుడేగానీ స్వరం కాదు. అందుకు కారణం ఉంది. గుండ్రంగా బిగించిన మామూలు తోలుని కొడితే, అడుగు స్వరం 1 అనుకుంటే పైన వచ్చేవి 1.59, 2.14, 2.30, 2.65 ఇలా ఉంటాయి. ఒకదానితో ఒకటి పొసగవు. తీగలోనైతే 1, 2, 3, 4, 5. అందుకే చెవికి ఇంపు. మన మృదంగం, తబలా తోలువే అయినా తీగలాగే పలుకుతాయని రామన్, శివకాళీ కుమార్ కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. బెంగళూరు వచ్చాక, 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్ మొదటి సంపుటంలో పూర్తి వ్యాసం ప్రచురించారు. తోలు మీద సన్నటి ఇసుక చల్లి వాయిస్తే, కదలని గీతల దగ్గర ఇసుక పోగవుతుంది. ఆ గీతల్ని బట్టి తొమ్మిది రకాల కంపనాలు ఐదు స్వరాలుగా కూడుకుంటున్నాయని చూపించారు.

కిటుకంతా మధ్యలో ఉన్న నల్లటి పూతలో ఉంది. ఉడికిన అన్నం, మెత్తగా నూరిన ఇనుపరాయి పొడి కలిపి, పలచటి పొరలుగా పూసి, ఒక్కో పొరనీ రాయితో రుద్ది ఆరనిస్తారు. ఆ బరువు వల్ల తోలు ఊగే తీరు మారి పై స్వరాలు వరసలోకి వస్తాయి. ఎడమ వైపు మూతకైతే కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద. ఉంగరం వేలు తేలిగ్గా ఆనించి చూపుడు వేలితో అంచు మీద కొడితే ‘నం’ అని పలికేది రెండో స్వరం. మా కెమిస్టుగారు ఇదంతా చెప్పి, వాయించేటప్పుడు మాత్రం తాళం తప్పేవారట.

ఇసుక చల్లి చూసినవాళ్ళకంటే ఎన్నో తరాల ముందే చెవితో ఈ లెక్క తేల్చినవాళ్ళు తోలుపని చేసే మనుషులు. వాళ్ళ గురించి టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అని పుస్తకమే రాశారు. మా ఇంటికి మృదంగం మూత మార్చడానికి వచ్చే ఆయన అరుగు దాటి లోపలికి వచ్చినట్టు మా పెద్దవాళ్ళెవరికీ గుర్తు లేదు. ఆయన బిగించిన వాద్యం మాత్రం నట్టింట్లో మోగేది.

ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. సత్యేంద్రనాథ్ బోస్ ఎస్రాజ్ వాయించేవారు, అబ్దుల్ కలాం వీణ నేర్చుకున్నారు. తుమకూరులో పుట్టిన అణుశాస్త్రవేత్త రాజా రామన్న పియానోలో దిట్ట. రాగాలనీ పాశ్చాత్య సంగీతాన్నీ పోల్చి 1993లో పుస్తకం కూడా వెలువరించారు.

మా గోష్ఠిలో మిగిలినవి నాలుగు నోటు పుస్తకాలు. అన్నిట్లో ఉన్నవి తెలుగు కృతులే. లిపి మాత్రం ఒకదాంట్లో తెలుగు, రెండిట్లో కన్నడం, ఒకదాంట్లో తమిళం. పక్కన పెన్సిల్‌తో ‘ఒకటిన్నర శ్రుతి’, ‘ఫ్లూటుకి కష్టం’ అని రాసుకున్నారు. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, ఆ కన్నడ పుస్తకంలో చూసే పాడతారు. ‘ళ’, ‘ణ’ ఎక్కడ నొక్కాలో పక్కన కూర్చుని చెబుతున్నాం. మీ ఇళ్ళలో అటక మీద ఇలాంటివి ఉంటే పాతపేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి. ఏ కృతి, ఏ లిపిలో, ఎవరి చేతిరాతో మాకు రాయండి.